మడత మరక

వినీలకి నోట్లో నాలుక లేదని పేటంతా ఒప్పుకున్న మాటే. కుట్టు మిషను ముందు కూచుంటే పొద్దువాలేదాకా తలెత్తదు. జాకెట్టు గుడ్డ ఇచ్చిపోదామని వచ్చినవాళ్లు ఇంట్లో గొడవలన్నీ వెళ్లబోసుకుంటారు. ఆ పిల్ల "ఊఁ" అంటుంది, కొలత రాసుకుంటుంది, అంతే. అలాంటిదాన్ని ఓట్ల లెక్కింపు దగ్గర తన ఏజెంటుగా పెట్టుకుంటానని సువార్తమ్మ అనేసరికి ఊళ్లో నవ్వనివాడు పాపాత్ముడు.

"నోరున్నవాళ్లెవరూ దొరకలేదా సువార్తా?" అని రొయ్యల చెరువుల బుల్లిరాజు టీ కొట్టు దగ్గర బండి ఆపి మరీ అడిగాడు.

"నోరు నాకుందిగా అండీ. కళ్లు చాలకే ఆ పిల్లని పెట్టుకున్నాను," అంది సువార్తమ్మ.

సువార్తమ్మకి యాభై రెండేళ్లు. మొగుడు పోయి పదేళ్లయింది. నాట్లు వేసి, కోతలు కోసి ఇద్దరాడపిల్లల్ని అత్తారిళ్లకి పంపిన మనిషి. పొలాలన్నీ రొయ్యల చెరువులయ్యాక నాట్లూ పోయాయి, కోతలూ పోయాయి. అదీ ఓర్చుకుంది. కిందటి వేసవిలో మాత్రం ఆవిడ ఓర్పు తెగింది. రొయ్యల చెరువుల్లోంచి ఉప్పునీళ్లు వదలడానికి బుల్లిరాజు వాళ్లు ఒక తూము తెచ్చి, పేట మంచినీళ్ల చెరువుకి నీరొచ్చే బోదెలో పెట్టారు. నెల తిరక్కుండా తాగేనీళ్లు ఉప్పగైపోయాయి. పప్పు ఉడకదు. పిల్లలకి ఒళ్లంతా దురదలు. పేట పేటంతా టిన్ను నీళ్లు కొనుక్కుని తాగడం మొదలెట్టింది. పంచాయతీ ఆఫీసుకి వెళ్తే అర్జీ పెట్టమన్నారు. పెట్టారు. మూడు నెలలయ్యాక వెళ్తే "ఏ తూమమ్మా?" అన్నారు.

అప్పుడొచ్చింది ఎంపీటీసీ ఎన్నిక. ఆడవాళ్లకి రిజర్వయిన సీటు. ఒక పార్టీ బుల్లిరాజు భార్య సూర్యకళకి టికెట్టిచ్చింది. రెండో పార్టీ గణేష్‌బాబు భార్య వీరవేణికి ఇచ్చింది. ఆ వీరవేణి బుల్లిరాజుకి తోడబుట్టిన చెల్లెలు. చెరువులు బావా బావమరుదులకి ఉమ్మడి. పొద్దున్న మైకుల్లో ఒకరినొకరు దొంగా, గజదొంగా అని తిట్టుకునేవారు. సాయంత్రం ఇద్దరూ కలిసి ఒకే లారీలోంచి రొయ్యల మేత దింపించుకునేవారు. సూర్యకళా, వీరవేణీ ఫ్లెక్సీల మీద దణ్ణాలు పెడుతూ కనిపించారు గానీ వాళ్ల గొంతెలా ఉంటుందో ఊళ్లో ఎవరికీ తెలీదు. వాళ్లిద్దరి మీదా ఇండిపెండెంటుగా నామినేషను వేసింది సువార్తమ్మ. బకెట్టు గుర్తు ఇచ్చారు.

"బిందె అడిగాను, లేదన్నారు. పోన్లే, బకెట్టుతోనూ నీళ్లే కదా మోసేది," అంది.

లెక్కింపు మండలం ఊళ్లో కాలేజీ హాల్లో పెట్టారు. బల్లలకీ జనానికీ మధ్య ఇనప వల కట్టారు. వలకి అవతల లెక్కపెట్టేవాళ్లు, ఇవతల ఏజెంట్లు. సూర్యకళ, వీరవేణి ఇళ్ల దగ్గరే ఉండిపోయారు. వాళ్లకి ఏజెంట్లు వాళ్ల మొగుళ్లే. బుల్లిరాజు తెల్లచొక్కా వేసుకుని ముందు కుర్చీ లాక్కున్నాడు. పక్కన గణేష్‌బాబు. ఆ చివర గోడకి ఆనుకుని సువార్తమ్మ, ఆవిడ పక్కన పెన్నూ తెల్లకాగితమూ పట్టుకుని వినీల.

బల్ల దగ్గర సూపర్‌వైజరు ఒక హైస్కూలు మాస్టారు. ఒక్కో బ్యాలెట్టూ విప్పి, వల వైపు తిప్పి చూపించి, ఎవరి కట్టలో వాళ్లది పడేస్తున్నాడు. కాగితం మీద వరస ఇది: పైన సూర్యకళ, తరవాత వీరవేణి, మూడోది సువార్తమ్మ, అట్టడుగున నోటా. ఓటరు తనకి కావాల్సిన గుర్తు మీద స్వస్తిక్ ముద్ర కొట్టి, మడిచి డబ్బాలో వెయ్యాలి.

పొద్దున పెద్ద ఊరి బూతులు రెండూ విప్పారు. ఒక కాగితంలో సూర్యకళ గుర్తు మీద ముద్ర ముదురుగా పడింది. కింద నోటా దగ్గర లేతగా ఇంకో ముద్ర కనపడింది.

"కింద అదేంటండీ మాస్టారూ?" అన్నాడు గణేష్‌బాబు.

"ఏం లేదండీ, మడత మరక. నిలువుగా మడవాల్సింది అడ్డంగా మడిచారు, తడి ఇంకు అంటుకుంది," అని మాస్టారు దాన్ని సూర్యకళ కట్టలో వేసేశాడు. గణేష్‌బాబు సరేనని తలూపాడు.

వినీలకీ అది సబబే అనిపించింది. ఎవరు చూసినా ఓటు సూర్యకళదే. అయినా కళ్ల కోసం తెచ్చుకున్న పిల్ల కదా, కాగితం మీద చిన్న గీత పెట్టుకుంది. మధ్యాహ్నానికి అలాంటివి తొమ్మిది గీతలయ్యాయి.

భోజనాల తరవాత మూడో బూతు డబ్బా విప్పారు. అది పేట బూతు.

నాలుగో కాగితమో అయిదో కాగితమో తిప్పి చూపించాడు మాస్టారు. బకెట్టు మీద నల్లగా ముద్ర. దాని పైన వీరవేణి గుర్తు మీద లేతగా ఇంకోటి. మాస్టారు దాన్ని బకెట్టు కట్ట వైపు తీసుకెళ్లాడు. ఎందుకో తలెత్తి బుల్లిరాజు వైపు చూశాడు. బుల్లిరాజు గొంతు సవరించుకున్నాడు.

"రెండు ముద్రలు," అన్నాడు మాస్టారు. కాగితం పక్కనున్న ట్రేలో పడింది.

ఇంకోటి. "రెండు ముద్రలు." మరోటి. "రెండు ముద్రలు."

వినీల వాటికీ గీతలు పెడుతూ పోయింది. ట్రేలో కాగితాలు పేరుకుంటున్నాయి. పది, ఇరవై, ముప్ఫై. చివరికి నలభై ఒకటి. అవన్నీ పక్కనపెట్టాక లెక్క చదివారు. సూర్యకళ ఎనిమిది వందల పదకొండు. సువార్తమ్మ ఏడు వందల ఎనభై ఆరు. వీరవేణి ఆరు వందల నాలుగు. బుల్లిరాజు మనుషులు కిటికీ అవతలనించి ఈలలు వేశారు.

"పాతిక తేడా," అంది సువార్తమ్మ మెల్లిగా. "పాతికతో పోయామా వినీలా?"

వినీల ట్రే వైపే చూస్తోంది. ఆ ట్రేలో ఉన్న మడతలు ఎవరివో ఆ హాల్లో తనొక్కదానికే తెలుసు. అవి నేర్పింది తనే.

ఓటెలా వెయ్యాలో చూపించే మనుషులు ఎన్నికకి ముందు పెద్ద ఊరికి వచ్చారు, పంచాయతీ ఆఫీసు దగ్గర నమూనా కాగితం చూపించి వెళ్లిపోయారు. పేటకి రాలేదు. వస్తామన్నారు, రాలేదు. అప్పుడు ఆదివారం గుడిలో ప్రార్థనయ్యాక చర్చి వరండాలో ఆడవాళ్లందర్నీ కూచోబెట్టి వినీలే చూపించింది. ముద్ర కొట్టడం అందరికీ వచ్చేసింది. మడవడం దగ్గర ముసలి పాపాయమ్మ అడిగింది: "ఎట్టా మడవాలే పిల్లా? డబ్బా పక్కనే బుల్లిరాజుగారి మనిషి కూచుంటాడంట. కనపడితే నా మనవడికి చెరువు మీద పని తీసేస్తారు."

గుడిలో ప్రార్థన చీటీలు వేసే చెక్కపెట్టె ఉంది. కోడలితో గొడవలు, కొడుకు తాగుడు, కడుపులో గడ్డ, ఏ కష్టమైనా చీటీ మీద రాయించుకుని అందులో వేస్తారు. పక్కవాళ్లు చదవకుండా పైసగం కిందికి మడిచి, మళ్లీ సగం చేసి, గోరుతో నొక్కి మరీ వేస్తారు. పేటలో ప్రతి ఆడదానికీ ఆ మడత చేతికి వచ్చేసిందే.

"మన ప్రార్థన చీటీలాగే మడిచెయ్యి మామ్మా. ఎవరికీ కనపడదు," అంది వినీల.

అందరూ అలాగే మడిచారు. గోరుతో నొక్కి మరీ మడిచారు.

ఇప్పుడు మాస్టారు ట్రే తీసుకుని లేచాడు. అవి చెల్లని ఓట్ల సంచీలోకి వెళ్తే ఇంక బయటికి రావు.

"మాస్టారూ," అంది వినీల. ఆ మాట తనకే వినపడలేదు. వల పట్టుకుంది. "మాస్టారూ! అవి రెండు ముద్రలు కాదండీ. మడత మరకలు."

మాస్టారు ఆగాడు. "నీకేం తెలుసమ్మా?"

"పొద్దున మీరే అన్నారండీ. సూర్యకళగారి కట్టలో అలాంటివి తొమ్మిది వేశారు. ఒకటో బూతులో నాలుగు, రెండో బూతులో అయిదు. రాసుకున్నాను."

బుల్లిరాజు కుర్చీలోంచి ఆమె వైపు తిరిగాడు. "ఓహో, నీకు మాటలొచ్చా!"

పై అధికారి సత్యశ్రీగారు పక్క బల్ల దగ్గరనించి వచ్చింది. పొద్దున్నించీ నిలబడి నిలబడి ఆవిడ మొహం పీక్కుపోయి ఉంది. "ఏంటండీ గొడవ?"

"గొడవేం లేదు మేడంగారూ," అన్నాడు బుల్లిరాజు. "ఒకటీ రెండూ అయితే మడత మరకే అనుకోవచ్చు. నలభై ఒకటీ ఒకే బూతులో, ఒకేలాగానా? చదువు రానివాళ్లు ఇద్దరికీ గుద్దేశారు. చెల్లవు."

"నాకూ అభ్యంతరమేనండీ," అన్నాడు గణేష్‌బాబు. ఇరవై రోజులు మైకుల్లో తిట్టుకున్న బావా బావమరుదులు ఒకే తెల్లకాగితం మీద అభ్యంతరం రాసి, ఒకరి పెన్నుతో ఒకరు సంతకాలు పెట్టారు. అది చూసేసరికి వినీలకి భయం పోయి కోపం వచ్చింది.

సత్యశ్రీగారు ట్రేలో కాగితాలు అటూ ఇటూ తిప్పింది. "అన్నీ ఒకేలా ఎలా మడిచారమ్మా?"

ఊరుకుంటే ఓట్లు పోతాయి. చెప్తే పరువు పోతుంది. వినీల చెప్పేసింది.

"నేనే నేర్పానండీ. పేటకి ఎవరూ వచ్చి చూపించలేదు. మా గుడిలో ప్రార్థన చీటీ మడిచినట్టు మడవమన్నాను. తప్పని నాకు తెలీదు."

సువార్తమ్మ గిర్రున తిరిగి చూసింది. ఆ చూపుకి వినీల తల వంచుకోలేదు. వంచుకునే తీరిక లేదు, ఎందుకంటే బుల్లిరాజు అప్పటికే లేచి నిలబడ్డాడు.

"విన్నారా మేడంగారూ! తన నోటితో తనే చెప్పింది. ఎవరెవరు ఓటేశారో తరవాత పట్టుకోడానికి మడతతో గుర్తు పెట్టించారు. గుర్తున్న ఓటు చెల్లదని రూలు. పేదోళ్లని ఇలా బెదిరించి ఓట్లు వేయించుకుంటారా? ఛీ!"

వినీలకి ఒళ్లు మండిపోయింది. ఎన్నేళ్ల మాటలో ఒక్కసారి బయటపడ్డాయి.

"గుర్తు పట్టడానికి కాదండీ. మీరు గుర్తు పట్టకుండా. మీ మనిషిని డబ్బా పక్కన కూచోబెట్టారు కాబట్టి. కనపడితే మనవడికి పని పోతుందని డెబ్భై ఏళ్ల మామ్మ నన్నడిగింది కాబట్టి చీటీ మడత చెప్పాను. మీ ఊళ్లో అడ్డంగా మడిస్తే మరక, మా పేటలో అడ్డంగా మడిస్తే గుర్తా? మీ నీళ్లు మా చెరువులోకొస్తే నీళ్లు, మా ఓటు మీ గుర్తు మీద పడితే నేరమా?"

"మర్యాదగా మాట్లాడు!"

"మర్యాదగానే అంటున్నానండీ. అండీ అనే అంటున్నాను."

కిటికీ అవతల ఎవరో పకపకా నవ్వారు. ఈసారి నవ్వు ఆమె మీద కాదు.

"అరుపులు వద్దు," అంది సత్యశ్రీగారు. "అమ్మాయ్, రెండు ముద్రలున్నాయి. ఒకటి ముదురు, ఒకటి లేత. ఇంకు చాలక లేతగా పడి ఉండొచ్చు కదా? అది మరకేనని నేనెలా నమ్మను?"

"అవి ఎటు తిరిగి ఉన్నాయో చూడండి మేడం." వినీల వల కంతల్లోంచి వేలు పెట్టి చూపించింది. "జాకెట్టు కత్తిరించేటప్పుడు ముందు భాగాలు రెండూ ఒకేలా రావాలని గుడ్డ మడిచి, ఒకవైపు సుద్దతో గీసి, అరచేత్తో చరుస్తామండీ. రెండోవైపు గీత అదే పడుతుంది. కానీ తిరగబడి పడుతుంది. కుడివైపుది ఎడమవైపు వస్తుంది. ముద్ర కూడా అంతే. స్వస్తిక్ కొక్కేలు నల్లదాంట్లో ఒకవైపుకి ఉన్నాయి, లేతదాంట్లో రెండోవైపుకి ఉన్నాయి. ముద్ర కర్ర ఒకటే కదండీ. చేత్తో కొడితే తిరగబడదు. మడిస్తేనే తిరగబడుతుంది."

సత్యశ్రీగారు ముద్ర కర్ర తెప్పించింది. తెల్లకాగితం మీద కొట్టి, పైసగం కిందికి మడిచి, గోరుతో నొక్కి, విప్పి చూసింది. అంటిన ముద్ర తిరగబడింది. సూర్యకళ కట్ట తెప్పించి అందులో మరకలున్నవి ఏరించింది. తొమ్మిదే ఉన్నాయి. అన్నిట్లో లేత ముద్ర తిరగబడే ఉంది. తరవాత ట్రేలోవి ఒక్కొక్కటీ వెలుగుకి పట్టింది. అవీ అంతే. అప్పుడు తన సంచీలోంచి సూచనల పుస్తకం తీసి, పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివి, మాస్టారు ముందుకి తోసింది.

"ఇందులో ఇదే ఉందండీ. మడత వల్ల అంటిన ముద్రకి ఓటు కొట్టెయ్యకూడదని. తిరగబడిందో లేదో చూడమని. మీకు ట్రైనింగులో చెప్పలేదా?"

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చెప్పారు మేడం. హడావిడిలో..."

"పొద్దున హడావిడి లేదా అండీ?" అంది సువార్తమ్మ గోడ దగ్గరనించి.

"బూతులో మీవాళ్లకి కాగితం ముందు మడిచి చూపించి ఇచ్చారా?" అని సత్యశ్రీగారు అడిగింది. "అధికారి అలా ఇవ్వాలి."

"ఎవరికీ ఇవ్వలేదండీ," అంది వినీల. "తొందరగా కానివ్వండని తరిమారు."

ఒక్కో కాగితం మళ్లీ చూపించడం మొదలెట్టారు. గణేష్‌బాబు ప్రతిదానికీ "అభ్యంతరం" అన్నాడు. పన్నెండో కాగితం దగ్గర వినీలే అడ్డం వచ్చింది.

"అది మాది కాదండీ. ముదురు ముద్ర వీరవేణిగారి మీద ఉంది, లేతది బకెట్టు మీద. అది వాళ్లది."

గణేష్‌బాబు "అభ్యం..." అని మింగేశాడు. తన భార్య ఓటుకి తనే అభ్యంతరం చెప్పబోయాడని గది మొత్తానికి అర్థమైపోయింది. తేలు కుట్టిన దొంగలా కూచున్నాడు. ఆ తరవాత ఇంకో రెండు వీరవేణివి తేలాయి. మిగిలిన ముప్ఫై ఎనిమిదీ బకెట్టువే.

బుల్లిరాజు బయటికి వెళ్లి వచ్చాడు. రెండు నిమిషాల్లో సత్యశ్రీగారి ఫోను మోగింది. ఆవిడ ఎత్తి, పక్కకి వెళ్లకుండా అక్కడే మాట్లాడింది.

"నమస్కారమండీ... అవునండీ... పుస్తకంలో ఉందండీ... ఆపమంటే ఆపుతానండీ, కాకపోతే మీరు ఆపమన్నట్టు కాగితం మీద రాసి పంపండి... హలో?"

ఫోను చూసుకుని బల్ల మీద బోర్లించింది. లెక్క చదవమంది.

సువార్తమ్మ ఎనిమిది వందల ఇరవై నాలుగు. సూర్యకళ ఎనిమిది వందల పదకొండు. బుల్లిరాజు మళ్లీ లెక్కపెట్టమన్నాడు. మళ్లీ లెక్కపెట్టారు. అంతే వచ్చింది.

"ఆ మడత సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదే?" అంది సువార్తమ్మ పళ్లు నూరుతూ.

"నాకూ ఇక్కడే తెలిసింది పెద్దమ్మా."

"ఓడిపోయుంటే చీపురు తిరగేసేదాన్ని."

"తెలుసు."

గెలిచినట్టు రాసిన కాగితం పట్టుకుని గుమస్తా అటూ ఇటూ చూశాడు. "మీవారెక్కడమ్మా? వచ్చి తీసుకోమనండి."

"ఆయన సమాధిలో ఉన్నారు. రాలేరు. ఇటివ్వండి," అని సువార్తమ్మ లాక్కున్నంత పని చేసింది. చదవడం రాదు గనక కాగితం మీద సీలు చూసింది, తిప్పి వెనక కూడా చూసింది.

"మేడంగారండీ, దీంతో ఆ తూము తీయించొచ్చా?"

సత్యశ్రీగారు సీళ్ల పని ఆపి చూసింది. "మండలం మీటింగులో అడగొచ్చమ్మా. పెద్దలకి రాయొచ్చు. తీయించడమంటే... అది మీ చేతిలో ఉండదు."

"మరి నా చేతిలో ఏముందండీ?"

"అడిగే హక్కుంది."

"అడగడమా?" సువార్తమ్మ మొహం ఎర్రబడింది. "సంవత్సరంనించీ అడుగుతూనే ఉన్నాంగా! దానికి ఇంత ఎన్నిక కావాలా? ఇంతమందిని ఎండలో నిలబెట్టాలా?" కాగితం మడవబోయి మానేసి, అలాగే చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగింది. "అడిగే హక్కయితే ఇప్పుడే అడుగుతాను. బుల్లిరాజుగారండీ! తూము ఎప్పుడు తీస్తారు?"

తలుపు వైపు వెళ్తున్న బుల్లిరాజు వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "మీటింగులో అడుగు. ముందు అక్కడ నీకు కుర్చీ వేస్తారో లేదో చూసుకో."

గణేష్‌బాబు నవ్వబోయి మానుకున్నాడు. ఎందుకంటే తలుపు దగ్గర వినీల నిలబడి ఉంది. ఎప్పుడు వెళ్లి నిలబడిందో ఎవరూ చూడలేదు. ఒక రెక్క వేసే ఉంది, రెండో రెక్క దగ్గర ఆ పిల్ల.

"తప్పుకో అమ్మాయ్," అన్నాడు బుల్లిరాజు.

"మా పెద్దమ్మ అడిగారు కదండీ. చెప్పి వెళ్లండి."

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసండీ. తూము ఎవరు పెట్టించారో కూడా తెలుసు."

గుమ్మం దగ్గరున్న కానిస్టేబులు అడుగు ముందుకేసి, సత్యశ్రీగారి వైపు చూశాడు. ఆవిడ సీళ్లు వెయ్యడంలో తలమునకలై ఉన్నట్టు కనిపించింది. కానిస్టేబులు వెనక్కి తగ్గాడు. బుల్లిరాజు బావమరిది కోసం చూశాడు. గణేష్‌బాబు చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. గేటు బయట పొద్దున్నించీ ఎండలో కూచున్న పేట ఆడవాళ్లు ఏదో తెలిసి లేచినట్టున్నారు, గోల దగ్గరికి వస్తోంది.

వినీల తలుపు చెక్క గట్టిగా పట్టుకుంది.

"ఎప్పుడండీ?" అంది మళ్లీ.